కరెంటు వచ్చినా స్క్రిప్టు లేవలేదు: కోల్డ్ స్టోరేజ్‌లో ఒక రాస్ప్‌బెర్రీ పై కేస్ స్టడీ

గుంటూరు పరిసరాల్లోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్. నాలుగు చాంబర్లు, ఒక్కో దానిలో రెండేసి డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సార్లు, మొత్తం ఎనిమిది. అన్నీ ఒకే వన్-వైర్ లైన్ మీద (ఒకే డేటా తీగని ఎన్నో సెన్సార్లు పంచుకునే పద్ధతి) రాస్ప్‌బెర్రీ పై 4 (క్లుప్తంగా ‘పై’) అనే చిన్న కంప్యూటర్ బోర్డులో జీపీఐఓ 4 పిన్నుకి వస్తాయి. డేటా లైన్‌కీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్. ఓఎస్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్, డెబియన్ 12 మీద కట్టిన బుక్‌వార్మ్ వెర్షన్. ఒక పైథాన్ స్క్రిప్టు నిమిషానికోసారి సెన్సార్లన్నీ చదివి, 4జీ రౌటర్ ద్వారా సర్వర్‌కి పంపుతుంది. హద్దు దాటితే సర్వర్ నుంచి యజమానికి ఎస్ఎంఎస్ వెళ్తుంది. పై బోర్డుకి గానీ రౌటర్‌కి గానీ యూపీఎస్ లేదు.

కరెంటు పోతే జనరేటర్ లేస్తుంది. ఆ మధ్యలో కొన్ని సెకన్లు అంతా ఆగిపోతుంది. లైన్ కరెంటు తిరిగొచ్చాక చేంజోవర్ స్విచ్ జనరేటర్ నుంచి వెనక్కి మారేటప్పుడు మళ్ళీ అంతే. అంటే ఒక్క పవర్ కట్‌కి రెండు రీబూట్లు, కొన్నిసార్లు రెండింటి మధ్య రెండు మూడు నిమిషాలే ఎడం. ఈ కేసులో చాలా చిక్కులు ఇక్కడి నుంచే పుట్టాయి.

ఫిర్యాదు నాలుగు రకాలుగా వచ్చింది. కరెంటు వచ్చాక ఒక్కోసారి డేటా అసలు రాదు. ఒక్కోసారి వస్తుంది గానీ ఎనిమిది సెన్సార్లకి బదులు మూడో నాలుగో కనిపిస్తాయి. ఇంకోసారి రాత్రి వేళ 85 డిగ్రీలని ఎస్ఎంఎస్ వెళ్ళి యజమానిని నిద్రలేపుతుంది. మరోసారి డేటా వస్తున్నట్టే ఉంటుంది, గ్రాఫులో మాత్రం గంట సేపు ఖాళీ. ఎవరైనా లాగిన్ అయి చేత్తో స్క్రిప్టు నడిపితే మాత్రం ఏ లోపమూ లేకుండా నడుస్తుంది. ఆ చివరి మాట వినగానే చాలామంది ‘స్క్రిప్టు బాగానే ఉంది, స్టార్టప్‌లో పెట్టిన చోటు తప్పు’ అనుకుని ఆర్‌సీ.లోకల్ నుంచి క్రాన్‌కీ, క్రాన్ నుంచి సిస్టమ్‌డీకీ లైను మార్చుకుంటూ పోతారు. (ఆర్‌సీ.లోకల్ అంటే బూట్‌లో నడిచే కమాండ్ల ఫైల్, క్రాన్ అంటే నిర్ణీత వేళకి పనులు నడిపేది, సిస్టమ్‌డీ అంటే లినక్స్‌లో సర్వీసుల్ని లేపి చూసుకునేది.) చోటు మార్చడం వల్ల ఇక్కడ నాలుగింటిలో ఒక్కటి కూడా పూర్తిగా తీరేది కాదు. స్క్రిప్టుకి ఆ క్షణంలో ఏమేం కావాలి, వాటిలో ఏది ఇంకా రాలేదు అన్నదే అసలు ప్రశ్న.

ముందుగా ఒక మాట. కమాండ్లు, ఫైల్ పేర్లు ఇక్కడ పలికినట్టే రాశాం. మెషీన్ మీద యూనిట్ ఫైల్ (ఒక సర్వీసుని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైల్) రాసేటప్పుడు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటుంది. కీ పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా సిస్టమ్‌డీ ఆపేయదు, ఆ లైనుని వదిలేసి జర్నల్లో, అంటే తన లాగ్‌లో, ఒక హెచ్చరిక రాసి ముందుకెళ్తుంది. అందుకే ఫైల్ రాసిన వెంటనే సిస్టమ్‌డీ-అనలైజ్ వెరిఫై నడిపి చూడటం అలవాటు చేసుకోవాలి.

పాత అమరిక

/ఈటీసీ/ఆర్‌సీ.లోకల్‌లో స్క్రిప్టుని వెనక్కి నెట్టి నడిపే ఒక లైను ఉంది. అది సరిగ్గా పనిచేయడం లేదని తర్వాత ఎవరో యూజర్ క్రాన్‌టాబ్‌లో (క్రాన్ పనుల జాబితాలో) ప్రతి బూట్‌కి ఒకసారి నడిపే @రీబూట్ లైను కూడా చేర్చారు. రెండు కాపీలు నడవకుండా స్క్రిప్టులో ఒక లాక్ ఫైల్ పెట్టారు: మొదలవగానే హోమ్ ఫోల్డర్లో ఆ ఫైల్ ఉందా అని చూడటం, ఉంటే ‘ఇప్పటికే నడుస్తోంది’ అని తప్పుకోవడం, లేకపోతే సృష్టించి పని మొదలుపెట్టడం, ఆగేటప్పుడు తీసేయడం.

డేటా అసలు రాకపోవడానికి కారణం ఇదే. కరెంటు పోయినప్పుడు ఆగే అవకాశమే ఉండదు కాబట్టి లాక్ ఫైల్ ఎస్‌డీ కార్డు మీద అలాగే మిగిలిపోతుంది. మళ్ళీ బూట్ అయ్యాక రెండు కాపీలూ దాన్ని చూసి మర్యాదగా తప్పుకుంటాయి. చేత్తో నడిపేవాళ్ళు ముందు ఆ ఫైల్‌ని తీసేసేవారు కాబట్టి వాళ్ళకి ఇది అడ్డురాలేదు. మామూలు రీబూట్ కమాండ్‌తో ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు దొరకదు. ఎందుకంటే అక్కడ స్క్రిప్టుకి ఆగమనే సిగ్నల్ అందుతుంది, అది తన ఫైల్‌ని శుభ్రంగా తీసేసుకుంటుంది. మరి కట్ తర్వాత కొన్నిసార్లు ఎలా లేచింది? ఫైల్ సృష్టించిన కాసేపటికే కరెంటు పోతే, ఆ ఫైల్ ఇంకా కార్డుకి చేరకముందే మాయమవుతుంది. అప్పుడు తర్వాతి బూట్‌లో స్క్రిప్టు లేస్తుంది. అంటే పనిచేసిన సందర్భాలు కూడా అదృష్టం కొద్దీ పనిచేసినవే.

లాక్ నిజంగా కావాలంటే రెండు దారులు. ఫైల్‌ని /రన్ కింద పెట్టడం ఒకటి: అది మెమరీలో ఉండే చోటు, కరెంటు పోతే దానంతటదే ఖాళీ. ఎఫ్‌లాక్ వాడటం ఇంకొకటి, ఇది మెరుగు. దానిలో లాక్‌ని కెర్నల్ (ఓఎస్ మూల భాగం) పట్టుకుంటుంది, ప్రాసెస్ పోతే లాక్ కూడా పోతుంది. సిస్టమ్‌డీ సర్వీసుగా ఒకే చోటి నుంచి నడిపితే రెండూ అక్కర్లేదు, ఎందుకంటే ఒక యూనిట్‌కి ఒకే కాపీ ఉంటుంది.

ఆర్‌సీ.లోకల్ గురించి కూడా కొంత చెప్పుకోవాలి, ఇంకా చాలా మెషీన్లలో ఇదే కనిపిస్తుంది కాబట్టి. బీఎస్‌డీ కాలం నుంచి వస్తున్న పద్ధతి. డెబియన్ 8 నుంచి సిస్టమ్‌డీయే డిఫాల్ట్ కాబట్టి ఇప్పుడు ఆ ఫైల్‌ని నడిపేది ఆర్‌సీ-లోకల్.సర్వీస్ అనే అనుకూలత యూనిట్. ఫైల్ ఉండి, దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంటేనే ఆ యూనిట్ లేస్తుంది. పర్మిషన్ లేకపోతే ఎర్రర్ ఏమీ రాదు, ఆ ఫైల్ లేనట్టే సాగిపోతుంది. డెబియన్‌లో పూర్వం వచ్చిన ఆర్‌సీ.లోకల్ మొదటి లైనులో షెల్‌కి -ఈ ఆప్షన్ ఉంటుంది, అంటే మధ్యలో ఏ కమాండ్ ఫెయిల్ అయినా కింద ఉన్నవేవీ నడవవు. చివర్లో ఎగ్జిట్ 0 ఉంటుంది. దాని కింద చేర్చిన లైను ఎప్పటికీ నడవదు. ఆగకుండా లూప్ తిరిగే స్క్రిప్టుని చివర యాంపర్‌శాండ్ లేకుండా పెడితే ఆర్‌సీ-లోకల్ ముగియనే ముగియదు, దాని వెనక నిలబడిన కన్సోల్ లాగిన్ ప్రాంప్టు కూడా రాదు. మానిటర్ పెట్టి చూసినవాళ్ళు మెషీన్ హ్యాంగ్ అయిందనుకుంటారు.

చేత్తో నడిపితే ఎందుకు నడిచింది

లాగిన్ అయి నడిపేటప్పుడు షెల్ మనకి చాలా సమకూర్చి పెడుతుంది: పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా), హోమ్, ప్రస్తుత ఫోల్డర్, యాక్టివేట్ చేసుకున్న పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (స్క్రిప్టు ప్యాకేజీలకి విడిగా పెట్టుకున్న ఫోల్డర్). అన్నిటికన్నా ముఖ్యంగా, అప్పటికి మెషీన్ లేచి చాలాసేపై ఉంటుంది. బూట్ సమయంలో వీటిలో చాలావరకు ఉండవు. సిస్టమ్ సర్వీసుకి ప్రస్తుత ఫోల్డర్ అంటే రూట్, ఆ ఒక్క స్లాష్ మాత్రమే. స్క్రిప్టులో కాన్ఫిగ్ ఫైల్‌ని ఫోల్డర్ చెప్పకుండా పేరుతో మాత్రమే తెరిస్తే అది రూట్‌లో వెతుక్కుని దొరక్క పడిపోతుంది. క్రాన్‌లో పాత్ అంటే /యూఎస్ఆర్/బిన్, /బిన్ అంతే.

బుక్‌వార్మ్‌లో ఇంకో మెలిక ఉంది. సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా ప్యాకేజీలు పెట్టనివ్వదు కాబట్టి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ దాదాపు తప్పనిసరి. స్టార్టప్‌లో దాన్ని యాక్టివేట్ చేయాలని సోర్స్ కమాండ్ రాస్తారు. డెబియన్‌లో /బిన్/ఎస్‌హెచ్ అంటే డ్యాష్, దానికి సోర్స్ అనే కమాండే తెలియదు. యాక్టివేట్ చేయాల్సిన పనే లేదు: ఆ ఎన్విరాన్‌మెంట్ లోపలి బిన్ ఫోల్డర్లో ఉన్న పైథాన్‌ని పూర్తి పాత్‌తో పిలిస్తే ప్యాకేజీలన్నీ అవే దొరుకుతాయి.

లాగ్ ఎలా చదవాలి

స్టార్టప్ సమస్యలో మొదట తేల్చాల్సింది ఒకటే: స్క్రిప్టు మొదలే కాలేదా, మొదలై పడిపోయిందా, నడుస్తూనే పని చేయడం లేదా. మూడింటికీ మందు వేరు. జర్నల్‌సీటీఎల్ -బీ ఇస్తే ఈ బూట్ లాగ్, -బీ -1 ఇస్తే కిందటి బూట్ లాగ్ వస్తాయి. కిందటిది రావాలంటే జర్నల్ డిస్క్ మీద నిలవాలి. జర్నల్‌డీ.కాన్ఫ్‌లో స్టోరేజ్ విలువ ఆటో అయితే /వార్/లాగ్/జర్నల్ ఫోల్డర్ ఉన్నప్పుడే అది డిస్క్ మీదికి వెళ్తుంది, లేకపోతే మెమరీలోనే ఉండి కరెంటుతోపాటు పోతుంది. ఈ సైట్‌లో స్టోరేజ్‌ని పర్సిస్టెంట్‌గా మార్చి, కార్డు నిండిపోకుండా సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్‌ని 100 మెగాబైట్లకి కట్టేశాం.

బూట్ లాగ్‌లో గంటలూ నిమిషాలూ చూసి లెక్కలు వేయకండి. పై 4కి సొంత గడియారం లేదు కాబట్టి బూట్ మధ్యలో టైమ్ ఒక్కసారిగా ముందుకి దూకుతుంది, రెండు లైన్ల మధ్య నలభై నిమిషాలు గడిచినట్టు కనిపిస్తుంది. -ఓ షార్ట్-మోనోటానిక్ అని అడిగితే ప్రతి లైను పక్కన బూట్ మొదలైనప్పటి నుంచి గడిచిన సెకన్లు వస్తాయి. అప్పుడే ఏది ముందు, ఏది వెనక అన్నది తేటగా తెలుస్తుంది.

పైథాన్ ప్రింట్ చేసినవి జర్నల్లో కనపడకపోతే స్క్రిప్టు నడవడం లేదని తేల్చేయకూడదు. టెర్మినల్ లేనప్పుడు పైథాన్ అవుట్‌పుట్‌ని బఫర్‌లో పోగేసి ఎప్పుడో వదులుతుంది. పైథాన్‌కి -యూ ఆప్షన్ ఇస్తే వెంటవెంటనే వస్తుంది.

సర్వీసుగా మార్చాక ఎదురయ్యే ఎర్రర్ నంబర్లలో గుర్తుంచుకోవాల్సినవి మూడు. 203 అంటే ఆ ఫైల్‌ని నడపలేకపోయింది: పాత్ తప్పు, ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేదు, మొదటి లైనులో ఇంటర్‌ప్రెటర్ పేరు లేదు, లేదా స్క్రిప్టుని విండోస్‌లో ఎడిట్ చేసినందువల్ల లైను చివర క్యారేజ్ రిటర్న్ చేరింది. ఈ చివరిది బాగా తిప్పలు పెడుతుంది. ఫైల్ కళ్ళముందే ఉంటుంది, లాగ్ మాత్రం అలాంటి ఫైల్ లేదంటుంది; నిజానికి దొరకనిది ఇంటర్‌ప్రెటర్. 200 అంటే వర్కింగ్ డైరెక్టరీ దొరకలేదు. 217 అంటే యూనిట్‌లో రాసిన యూజర్ లేడు.

నెట్‌వర్క్ కోసం కాచుకోవడం

ఇక్కడ కొంచెం ఆగాలి. స్టార్టప్ స్క్రిప్టుల విషయంలో ఎక్కువగా పొరపడేది ఇక్కడే. పాత స్క్రిప్టు మొదలవగానే సర్వర్‌ని పలకరించేది, జవాబు రాకపోతే ఎక్సెప్షన్‌తో పడిపోయేది. దీనికి అందరూ చెప్పే మందు యూనిట్‌లో ఆఫ్టర్‌కి నెట్‌వర్క్.టార్గెట్ రాయడం. (టార్గెట్ అంటే బూట్‌లో ఒక మజిలీ.) ఆ టార్గెట్‌కి అర్థం నెట్‌వర్క్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ మొదలైందని మాత్రమే, ఐపీ అడ్రస్ వచ్చిందని కాదు. దాన్ని నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్‌గా మార్చాలి. మార్చి ఆఫ్టర్‌లో మాత్రమే రాస్తే సరిపోదు. ఆఫ్టర్ చెప్పేది వరుస గురించి. ఆ టార్గెట్‌ని ఎవరో ఒకరు రప్పిస్తేనే ఆ వరుసకి అర్థం. రప్పించడానికి వాంట్స్‌లో కూడా అదే పేరు రాయాలి.

అన్నీ రాసినా ఈ సైట్‌లో పనికి రాలేదు. కరెంటు రాగానే పై, రౌటర్ ఒకేసారి లేస్తాయి. రౌటర్ తన ఈథర్‌నెట్ పోర్టునీ, ఐపీలు పంచే డీహెచ్‌సీపీనీ త్వరగానే మొదలుపెట్టి పై బోర్డుకి ఐపీ ఇచ్చేస్తుంది. పైలో నెట్‌వర్క్‌ని నడిపే నెట్‌వర్క్‌మేనేజర్ దృష్టిలో అప్పటికే ఆన్‌లైన్. కానీ రౌటర్ 4జీ టవర్‌ని పట్టుకుని నెట్ తెచ్చేసరికి ఇంకో నిమిషం దాటుతుంది. ఆ టార్గెట్ ఇంటర్నెట్ గురించి హామీ ఇవ్వదు. పోనీ రౌటర్ పూర్తిగా చచ్చిపోయిందనుకోండి: నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ 60 సెకన్లు చూసి విఫలమవుతుంది, వాంట్స్ కాబట్టి మన సర్వీసు ఎలాగూ మొదలవుతుంది. వాంట్స్ బదులు రిక్వైర్స్ రాసి బిగించినా ఫలితం లేదు. నెట్ వచ్చేదాకా స్క్రిప్టుని నిజంగానే ఆపగలిగినా, టవర్ పడిపోయిన రాత్రి ఉష్ణోగ్రత చదవడమే ఆగిపోతుంది, రికార్డు అత్యవసరమైనది సరిగ్గా ఆ రాత్రే.

స్లీప్ 60 పెట్టడం అందరికీ తెలిసిన చిట్కా. రౌటర్ 70 సెకన్లు తీసుకున్న రోజు అది చెడుతుంది, 20 సెకన్లలో లేచిన రోజు 40 సెకన్లు వృథా. మా సిఫారసు: కాచుకోవడం అనే పనినే చదివే భాగం నుంచి తీసేయండి. సెన్సార్ చదవడానికి నెట్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. స్క్రిప్టుని రెండుగా కోస్తే చదివే సగానికి నెట్‌వర్క్ మీద ఆధారమే ఉండదు, పంపే సగం ఎప్పుడు ఫెయిల్ అయినా నష్టం ఉండదు.

చదివే సర్వీసు

ఫైళ్ళన్నీ హోమ్ నుంచి /ఆప్ట్ కిందికి మార్చి, యూనిట్ ఫైల్‌ని /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో పెట్టాం. రూట్‌గా కాకుండా వేరే సిస్టమ్ యూజర్‌తో నడుస్తుంది. సెన్సార్ ఫైళ్ళు ఎవరైనా చదవగలిగేవే కాబట్టి ప్రత్యేక హక్కులు అక్కర్లేదు. స్టేట్‌డైరెక్టరీ లైను ఒకటి రాస్తే /వార్/లిబ్ కింద ఫోల్డర్‌ని సిస్టమ్‌డీయే సృష్టించి ఆ యూజర్‌కి అప్పగిస్తుంది. రీడింగులన్నీ అందులోని ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లోకి వెళ్తాయి, సింక్రనస్ విలువ ఫుల్ (అంటే ప్రతి ఎంట్రీ కార్డుకి చేరేదాకా ఆగుతుంది). వాల్ మోడ్‌లో (మార్పుల్ని ముందు వేరే లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) దాన్ని నార్మల్‌కి తగ్గిస్తే కరెంటు పోయినప్పుడు ఫైల్ పాడవదు గానీ చివరి కొన్ని ఎంట్రీలు పోవచ్చు. నిమిషానికి ఎనిమిది ఎంట్రీలకి ఆ పొదుపు అనవసరం.

ఎగ్జెక్‌స్టార్ట్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పైథాన్ పూర్తి పాత్, -యూ, ఆపై స్క్రిప్టు పూర్తి పాత్. ఈ లైనుని షెల్ చదవదని మరిచిపోకూడదు. అందుకే పైప్ గానీ, ఫైల్లోకి మళ్ళించే గుర్తు గానీ ఇక్కడ పనిచేయవు, అవి స్క్రిప్టుకి ఆర్గ్యుమెంట్లుగా వెళ్తాయి. పర్సెంట్ గుర్తు రాయాలంటే రెండుసార్లు రాయాలి. (క్రాన్‌టాబ్‌లోనూ పర్సెంట్ ఇబ్బందే, అక్కడ అది కొత్త లైనుగా మారుతుంది.) లైను చివర హ్యాష్ పెట్టి వ్యాఖ్య రాస్తే అది వ్యాఖ్య కాదు, విలువలో భాగమైపోతుంది. వ్యాఖ్యకి వేరే లైను కావాలి.

రీస్టార్ట్ ఆల్వేస్, రీస్టార్ట్‌సెక్ 10. రెండోది రాయకపోతే డిఫాల్ట్ 100 మిల్లీసెకన్లు. అంత వేగంగా అయిదుసార్లు పడి లేస్తే 10 సెకన్లలో అయిదు అనే పరిమితి తగిలి సిస్టమ్‌డీ ఇక ప్రయత్నించడం మానేస్తుంది. రీస్టార్ట్ ఆల్వేస్ అని రాశాం కదా, ఎందుకు ఆగిపోయింది అనే ప్రశ్నకి చాలాసార్లు జవాబు ఇదే. మనిషి లేని చోట పెట్టే మెషీన్‌లో యూనిట్ సెక్షన్‌లో స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్‌ని 0 చేసి ఆ పరిమితినే తీసేయడం మంచిది.

స్క్రిప్టు పడిపోతే రీస్టార్ట్ చూసుకుంటుంది, గడ్డకట్టుకుపోతే చూసుకోదు. దానికోసం టైప్ నోటిఫై, వాచ్‌డాగ్‌సెక్ 180. స్క్రిప్టు మొదలవగానే రెడీ అని, ప్రతి రౌండ్ తర్వాత వాచ్‌డాగ్ అని నోటిఫై సాకెట్‌కి చెబుతుంది. మూడు నిమిషాలు ఆ మాట వినపడకపోతే సిస్టమ్‌డీ దాన్ని చంపి మళ్ళీ లేపుతుంది. రెడీ అని చెప్పడాన్ని సెన్సార్లు దొరికేదాకా వాయిదా వేయకూడదు, 90 సెకన్లలో ఆ మాట రాకపోతే స్టార్టే ఫెయిల్ అయిందని లెక్కిస్తుంది. కెర్నలే ఆగిపోతే సిస్టమ్.కాన్ఫ్‌లోని రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్ వల్ల హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ అనే టైమర్ మెషీన్‌ని రీసెట్ చేస్తుంది. పై 4 చిప్‌లో దాని గరిష్ఠం సుమారు 15 సెకన్లు, ఇక్కడ 14 ఇచ్చాం.

ఇన్‌స్టాల్ సెక్షన్‌లో వాంటెడ్‌బైకి మల్టీ-యూజర్.టార్గెట్. ఆపై సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, తర్వాత ఎనేబుల్ --నౌ. స్టార్ట్ ఇప్పటికి మాత్రమే, ఎనేబుల్ వచ్చే బూట్ నుంచి. స్టార్ట్ మాత్రమే చేసి బాగుందనుకుని వచ్చేస్తే మొదటి పవర్ కట్‌కే ఫోన్ వస్తుంది.

సెన్సార్లు మూడే కనపడటం, 85 డిగ్రీలు

వన్-వైర్ డ్రైవర్ లైను మీద ఎవరెవరున్నారో వెతుకుతుంది, మళ్ళీ 10 సెకన్లకోసారి వెతుకుతుంది. పొడవాటి కేబుల్ మీద ఎనిమిది ఉన్నప్పుడు మొదటి వెతుకులాటలోనే అందరూ దొరకాలని లేదు. పాత స్క్రిప్టు మొదలైన క్షణాన 28తో మొదలయ్యే ఫోల్డర్లని (ఒక్కో సెన్సార్‌కి ఒకటి) ఒకేసారి లెక్కపెట్టుకుని, ఆ జాబితాతోనే రోజంతా నడిచేది. మూడు దొరికిన రోజు మూడే. ఇప్పుడు ఎనిమిది ఐడీలూ కాన్ఫిగ్‌లో రాసి ఉన్నాయి. ప్రతి రౌండ్‌లో ఎనిమిదింటినీ అడుగుతుంది, దొరకని దాన్ని ‘లేదు’ అని రాస్తుంది. ఒక్కో సెన్సార్‌కి 12 బిట్ల కొలతకి గరిష్ఠంగా 750 మిల్లీసెకన్లు, ఒకదాని తర్వాత ఒకటి చదివినా మొత్తం ఏడెనిమిది సెకన్లు దాటదు.

85 అనేది డీఎస్18బీ20 లోపల పవర్ వచ్చినప్పుడు ఉండే తొలి విలువ. కొలత పూర్తికాకముందే చదివితే, లేదా కొలుస్తుండగా సెన్సార్‌కి వోల్టేజ్ పడిపోతే అదే చేతికొస్తుంది. కోల్డ్ స్టోరేజ్‌లో సరిగ్గా 85.000 నిజమయ్యే అవకాశం లేదు కాబట్టి దాన్ని ఉష్ణోగ్రతగా లెక్కించకుండా పక్కన పెట్టేస్తున్నాం, లాగ్‌లో మాత్రం రాస్తున్నాం. బూట్ అయిన మొదటి నిమిషంలో 85 వస్తే పట్టించుకోనక్కర్లేదు. మధ్యాహ్నం పూట ఒకే సెన్సార్ పదేపదే 85 ఇస్తే ఆ సెన్సార్ 3.3 వోల్ట్ వైరు జాయింటు చూడాలి.

పోయిన గంట

గ్రాఫులో గంట ఖాళీకి కారణం గడియారం. సొంత గడియారం లేని లోటుని ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే ప్యాకేజీ పూడుస్తుంది: గంటకోసారి, షట్‌డౌన్ అప్పుడు టైమ్‌ని ఫైల్లో రాసుకుని, బూట్‌లో దాన్నే తిరిగి పెడుతుంది. కరెంటు హఠాత్తుగా పోతే చివరి గంటలో రాసిందే దిక్కు. 4:55కి పోయి లేచిన మెషీన్ తనకి 4:17 అనుకోవచ్చు. ఇంటర్నెట్ టైమ్ అందేదాకా వచ్చిన రీడింగులు ఆ పాత నిమిషాల పేరుతోనే సర్వర్‌కి వెళ్ళేవి. అక్కడ ఆ నిమిషానికి ఇప్పటికే ఎంట్రీ ఉంది కాబట్టి సర్వర్ వాటిని డూప్లికేట్ అని తోసేసేది.

ఇప్పుడు ప్రతి రీడింగ్ పక్కన బూట్ ఐడీ, బూట్ నుంచి గడిచిన సెకన్లు కూడా నమోదవుతాయి. /రన్/సిస్టమ్‌డీ/టైమ్‌సింక్ కింద సింక్రనైజ్డ్ అనే ఫైల్ కనపడిందంటే టైమ్ అందినట్టు. అప్పుడు అదే బూట్ ఐడీ ఉన్న పాత రీడింగులన్నిటికీ వెనక్కి లెక్కవేసి అసలు సమయం నింపుతుంది. దీంతో చాలావరకు తీరింది. మిగిలింది ఒకటే: జనరేటర్ మీద లేచి, టైమ్ అందకముందే లైన్ కరెంటుకి మారినప్పుడు మళ్ళీ రీబూట్ అయితే, ఆ చిన్న బూట్‌లోని రీడింగులకి సమయం ఎప్పటికీ దొరకదు.

అందుకే డీఎస్3231 గడియారం మాడ్యూల్ చేర్చాం. 0 నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షల్లో రెండు వంతుల తేడా, అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం. /బూట్/ఫర్మ్‌వేర్ కింద కాన్ఫిగ్.టీఎక్స్‌టీలో డీటీఓవర్‌లేకి ఐ2సీ-ఆర్‌టీసీ, డీఎస్3231 అని రాసి, ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ ప్యాకేజీ తీసేయాలి. టైమ్‌డేట్‌సీటీఎల్‌లో ఆర్‌టీసీ (ఆ గడియారం) టైమ్ లైను నిండిందో లేదో చూడాలి. మాడ్యూల్‌కి 3.3 వోల్టులే ఇవ్వండి. 5 వోల్టులిస్తే దాని పుల్-అప్ రెసిస్టర్ల ద్వారా ఆ 5 వోల్టులు పై పిన్నులకి చేరతాయి. పైగా మార్కెట్లో దొరికే చౌక మాడ్యూళ్ళలో చార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది, చార్జ్ చేయకూడని సీఆర్2032 సెల్‌ని 5 వోల్టుల మీద చార్జ్ చేయబోతుంది. పై 5లో అయితే గడియారం బోర్డులోనే ఉంది, బ్యాటరీ కనెక్టర్‌కి సెల్ తగిలిస్తే చాలు.

పంపే భాగం

ఇది ఎప్పుడూ నడిచే సర్వీసు కాదు. టైమర్ లేపితే లేచి, పంపనివి పంపి, ముగిసిపోతుంది. టైప్ వన్‌షాట్. టైమర్‌లో ఆన్‌బూట్‌సెక్ 60, ఆన్‌యూనిట్‌ఇన్‌యాక్టివ్‌సెక్ 60. రెండోది ఒక్కటే రాస్తే బూట్ తర్వాత మొదటిసారి లేపేవాళ్ళే ఉండరు. అక్యురసీసెక్ డిఫాల్ట్ ఒక నిమిషం, దాన్ని 5 సెకన్లకి తగ్గించాం. ఎనేబుల్ చేయాల్సింది టైమర్‌ని, సర్వీసుని కాదు.

ఒక ఉచ్చు ఉంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీకి టైమౌట్ చెప్పకపోతే జవాబు కోసం ఎంతసేపైనా కూర్చుంటుంది. వన్‌షాట్ సర్వీసుకి డిఫాల్ట్ స్టార్ట్ టైమౌట్ లేదు. రెండూ కలిస్తే 4జీ మధ్యలో తెగిన రోజు పంపే స్క్రిప్టు అలాగే వేలాడుతుంది, ముగియదు కాబట్టి టైమర్ మళ్ళీ లేపదు. స్క్రిప్టులో 20 సెకన్ల టైమౌట్, యూనిట్‌లో టైమౌట్‌స్టార్ట్‌సెక్ 120 రెండూ ఇవ్వండి. సర్వర్ అందుకున్నా జవాబు మనకి చేరకపోవచ్చు, అప్పుడు అదే ఎంట్రీ రెండోసారి వెళ్తుంది. కాబట్టి సర్వర్ డూప్లికేట్‌ని నిమిషంతో కాకుండా డివైజ్ పేరు, ఎంట్రీ నంబరుతో పోల్చేలా మార్చారు.

పరీక్ష

రీబూట్ కమాండ్‌తో చేసిన పరీక్షని ఈ తరహా సైట్‌లో లెక్కలోకి తీసుకోకూడదు. ప్లగ్ పీకి పెట్టాలి: రౌటర్‌తో కలిపి ఒకసారి, రౌటర్ ఆపి ఒకసారి, రెండు నిమిషాల ఎడంతో వెంటవెంటనే రెండుసార్లు, ఒక సెన్సార్ వైరు ఊడదీసి ఒకసారి. దూరం నుంచి చేయాలంటే, కెర్నల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్ ఫైల్లోకి బీ అక్షరం రాస్తే డిస్క్‌కి ఏదీ రాయకుండానే వెంటనే రీబూట్ అవుతుంది. లాక్ ఫైల్ లాంటి తప్పులు దాంతో దొరుకుతాయి. 85 మాత్రం దొరకదు, ఎందుకంటే సెన్సార్లకి కరెంటు పోలేదు.

పాత దారులు మూసేశామో లేదో చివర్లో తప్పకుండా చూడాలి: ఆర్‌సీ.లోకల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ తీసేయడం, యూజర్ క్రాన్‌టాబ్, రూట్ క్రాన్‌టాబ్ రెండూ విడివిడిగా తెరవడం. క్రాన్ @రీబూట్‌ని తప్పుపట్టాల్సిన పనిలేదు, ఒకసారి నడిచి ముగిసే చిన్న పనికి అది చాలు. పడితే లేపడం, లాగ్ పట్టుకోవడం దానికి చేతకావు.

ఇదే పని వేరే సిస్టమ్‌లో అయితే పేర్లు మారతాయి. ఆల్పైన్ లినక్స్‌లో /ఈటీసీ/లోకల్.డీలో .స్టార్ట్ అనే చివరతో ఫైల్ పెట్టి లోకల్ సర్వీసుని డిఫాల్ట్ రన్‌లెవల్‌కి చేర్చాలి. ఫ్రీబీఎస్‌డీలో /యూఎస్ఆర్/లోకల్/ఈటీసీ/ఆర్‌సీ.డీలో స్క్రిప్టు, ఆర్‌సీ.కాన్ఫ్‌లో దాని ఎనేబుల్ లైను. వరుస చెప్పేది స్క్రిప్టు తలలోని ప్రొవైడ్, రిక్వైర్ వ్యాఖ్యలు. మ్యాక్‌ఓఎస్‌లో లాంచ్‌డీమన్స్ ఫోల్డర్లో ఒక పీలిస్ట్.

సైట్‌లో ఆపరేటర్‌కి లినక్స్ రాదు. బాక్స్ తలుపు లోపల అతికించిన కాగితంలో నాలుగే లైన్లున్నాయి: కరెంటు వచ్చాక అయిదు నిమిషాలు ఆగాలి, డాష్‌బోర్డులో అన్ని చాంబర్లూ ఖాళీగా ఉంటే రౌటర్ 4జీ లైటు చూడాలి, పై ప్లగ్ ముట్టుకోకూడదు, ఒక్క సెన్సార్ మాత్రమే ‘లేదు’ అని చూపిస్తే ఆ చాంబర్ జంక్షన్ బాక్సులో వైరు చూడాలి.